పుల్పిట్ పక్కన మిరపకాయలు

ఆడవాళ్ళు పుల్పిట్ ఎక్కి వాక్యం చెప్పకూడదని మా చర్చిలో అందరికంటే గట్టిగా అరిచింది మా నాన్నే. సంఘపెద్ద కదా, ఆయన మాటకు ఎదురు లేదు. నాకైతే ఒళ్ళు మండేది. చర్చి ఊడ్చేదీ, పాట ఎత్తుకునేదీ, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేసేదీ ఆడవాళ్ళేనాయె.

మొన్న మిరప కోతలప్పుడు అకాల వాన పడితే, మా కల్లంలో ఎండబెట్టిన కాయలన్నీ తెచ్చి చర్చిలో పోశాం. ఆ ఆదివారం పాస్టరు గారికి జ్వరం. వాక్యం చెప్పడానికి నాన్న లేచి, ఉక్కగా ఉందని ఫ్యాన్లు వేయించారు. గుప్పున ఘాటు లేచింది. ఒక్క వచనం చదివారో లేదో, తుమ్ములే తుమ్ములు. ఇంకో పెద్దాయన లేస్తే దగ్గు. మగాళ్ళంతా బయటికి పరుగు.

ఆడవాళ్ళం కదల్లేదు. సీజనంతా మాతోపాటు తొడిమలు తీసే పాస్టరమ్మగారికి ఆ ఘాటు ఓ లెక్కా? చాప మీంచి లేచి, తలమీద కొంగు కప్పుకుని, పుల్పిట్ కిందే నిలబడి అరగంట వాక్యం చెప్పారు. కిటికీ బయటినుంచి నాన్న అరిచారు: "కనపడట్లేదండీ అమ్మగారూ, పైకెక్కి చెప్పండి!" నవ్వలేక చచ్చాం.

తర్వాతి ఆదివారానికి మిరపకాయలూ లేవు, జ్వరమూ లేదు. పాస్టరు గారు లేవబోతుంటే నాన్న ఆపారు.

"మీరు కూర్చోండయ్యగారూ. పోయినవారం బయటుండి నేను సరిగ్గా వినలేదు. అమ్మగారిని మళ్ళీ చెప్పమనండి."