దమాత్రియ నేర్పిన పరుగు

మగ్గం ముందు నిలబడితే గ్రీకు దేశంలోని ఒర్ఖొమెనోస్ ఊళ్లో దమాత్రియను మించిన చెయ్యి లేదు. ఆ మగ్గమే వాళ్ల వంశానికి ఎసరు పెట్టింది. ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ ఊరి ఆడవాళ్లందర్నీ కొండకు పిలిచినప్పుడు, వీళ్ల ముత్తవ్వలు "మాకు నేతపనుంది" అన్నారట. దేవుడికి ఒళ్లు మండింది. వాళ్లకు పిచ్చెత్తించి, కన్నబిడ్డనే చీల్చేలా చేశాడు. అది మొదలు ఏటా ఆయన పండక్కి ఆ ఇంటి ఆడవాళ్లు ఐవీ తీగలు చుట్టుకుని పూనకంతో ఊగాలి. పూజారి కత్తి దూసి వెంటపడగానే పరిగెత్తాలి. చిక్కినదాన్ని నరికినా అడిగే దిక్కు లేదు. ఊరు మాత్రం వేడుక అంటుంది, చూసేవాళ్లకేం.

ముసలి పూజారి మంచివాడు, కావాలనే వెనకబడేవాడు. ఆయన పోయాడు. ఇప్పుడా కత్తి కొడుకు కాఫిసియుడి చేతికొచ్చింది. వాడికి భక్తి ముదిరింది. దమాత్రియకు రొట్టె గొంతు దిగడం లేదు. కూతురు నికారో మొదటిసారి పరిగెత్తేది ఈ ఏడే.

కూతురికేమో అంతా ఆట. అందుకే రోజూ పొద్దున్నే, నేతలో పోగులు బిగించే చెక్కకత్తి పట్టుకుని, కోసిన బార్లీ చేలో దాన్ని తరిమేది దమాత్రియ.

"నీ వయసెంత, నీ వేషాలెంత? మోకాలు అరిగిపోతుందే అమ్మా," అని నవ్వేది నికారో.

"నోరు మూసుకుని పరిగెత్తు. వెనక ఏం వినబడ్డా తిరిగి చూశావంటే నా చేతిలో చస్తావ్."

"నువ్వు పిలిచినా?"

"నేను పిలవన్లే."

పండగనాడు డప్పులు మోగాయి. దమాత్రియ ఊగుతూనే కూతురి కళ్లు చూస్తోంది. పిల్లకు నిజంగా పూనకమొస్తే కత్తి కూడా కనబడదని ఆమె భయం. కాఫిసియుడు కత్తి దూశాడు. నికారో కోసిన చేలో పడి లేడిపిల్లలా దూసుకుపోయింది. తల్లి ప్రాణం కుదుటపడింది. అంతలోనే కుడి మోకాలు కలుక్కుమంది. ఇన్నాళ్లూ కూతుర్ని తరిమి తరిమి అరగ్గొట్టుకున్న మోకాలే.

కింద పడింది. లేవబోతే కాలు నిలవలేదు. వెనక కాఫిసియుడి రొప్పు దగ్గరవుతోంది. చచ్చేంత భయమేసింది. కూతురి పేరు కేకై గొంతుదాకా తన్నుకొచ్చింది. నికారో ఇంకా కేక అందే దూరంలోనే ఉంది. వింటే నేర్పిందంతా మర్చిపోయి ఏడుస్తూ వెనక్కొస్తుంది, దాని సంగతి తల్లికి తెలీదూ?

దమాత్రియ ముసుగు కొంగు నోట్లో కుక్కుకుంది.

చేనుకు అవతల నికారో వీపు చిన్నదైపోతోంది. ఒక్కసారైనా తిరగలేదు. మొత్తానికి నా మాట విందే ఇది, అనుకుంది దమాత్రియ, మీద నీడ పడుతుండగా.