తమ్ముడు బిగించిన మీటరు

దయ్యాల మాట ఎత్తితే విసుక్కుని అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. మాది కమలాపురం దగ్గర ఊరు. చిన్నప్పుడు అదుంది, ఇదుంది అని భయపెట్టబోయిన వాళ్ళను నేనే ఎదురు భయపెట్టేదాన్ని. ఇప్పుడు కర్నూలు అవతల ఒక చిన్న శిక్షణ కేంద్రంలో విమానం నడపడం నేర్పుతున్నాను. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మొన్నటిదాకా నేనూ అదే పని చేశాను.

నా తమ్ముడు సురేంద్ర అక్కడే విమానాల ఇంజనీరు. మా రెండు సీట్ల విమానానికి యాంగిల్ ఆఫ్ అటాక్ ఇండికేటర్ బిగించింది వాడే. అంత పేరు నోరు తిరగక మేమంతా దాన్ని మీటరు అనేవాళ్ళం.

అదేం చేస్తుందో కాస్త చెప్పాలి. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి కొంచెం పైకి వాలిస్తే గాలి చేతిని లేపుతుంది. మరీ నిక్కించి పెడితే లేపడం మానేసి వెనక్కి తోస్తుంది. రెక్క సంగతీ అంతే. ఎదురుగాలికి అది మరీ నిక్కితే పైన గాలి చెదిరిపోయి విమానం జారిపోతుంది. ఇది ఏ వేగంలోనైనా జరగవచ్చు. స్పీడు ముల్లు చూసి ధైర్యంగా ఉన్నవాళ్ళే దిగే ముందు మలుపులో, నేల దగ్గర, ప్రాణాలు పోగొట్టుకుంటారు.

రెక్క కింద వేలంత గొట్టం, దానికి రెండు సన్నటి రంధ్రాలు. వాటిలో గాలి ఒత్తిడి తేడాను బట్టి మీటరు ఆ వాలును కనిపెడుతుంది. పచ్చ లైటు వెలిగితే ఫరవాలేదు. ఎర్ర లైటు వెలిగితే రెక్క జారబోతోందని, అప్పుడు హెడ్‌ఫోనులో బీప్‌లు కూడా వస్తాయి. విమానంతో పాటు వచ్చిన హారన్ వేరే ఉంది. అది రెక్కలోంచి ఈలలాగా మోగుతుంది గానీ చివరిదాకా నోరు తెరవదు.

"స్పీడును నమ్ముకోని మోసపోతాండావక్కా. రెక్క ఏమంటాందో ఇను," అనేవాడు సురేంద్ర. నాకే పాఠాలు చెప్పే మొనగాడివయ్యావా అని ఆటపట్టించేదాన్ని.

పోయిన ఏడు వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. కర్నూలులో ఆసుపత్రిలో చేర్చాం. మాట్లాడుతూనే ఉన్నాడు. రేపు ఇంటికి పంపుతామన్నారు. పంపలేదు. నేను చంకనేసుకుని తిప్పిన పిల్లాణ్ణి నా కళ్ళ ముందే నలుగురు మోసుకుపోయారు. ఆ తర్వాత తిన్నానో లేదో, నిద్రపోయానో లేదో నాకే తెలియదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని డ్యూటీకి వచ్చేశాను.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు మా షెడ్డులో విమానాలకు కూడా పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. చావు జరిగిన ఇంటికి ఆ ఏడు పండగ లేదు కాబట్టి నేను అటు పోలేదు. మెకానిక్ బాషాన్న దగ్గరుండి అన్నీ చేయించాడు. సురేంద్ర చేతులతో బిగించిందని ఆ గొట్టానికి ప్రత్యేకంగా పసుపు ముద్ద మెత్తారట. వాణ్ణి తలుచుకుని అందరూ ఏడ్చారని తర్వాత తెలిసింది.

మరునాడు ఉదయం శైలజ అనే విద్యార్థినితో ఎక్కాను. ఆదోని వైపు అమ్మాయి. ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకునే పని ఆమెదే. వెనకే నేనూ ఒకసారి చూడాలి. ఆ రోజు చూడలేదు.

దిగే ముందు గాలి అడ్డంగా కొడుతుంటే కంట్రోలు నేను తీసుకున్నాను. చివరి మలుపు, కింద బండరాళ్ళు. వాడు గుర్తొచ్చాడు. గుర్తు రానిది ఎప్పుడు గనక. కళ్ళు నిండిపోయాయి. రన్‌వే పక్కకు పోతోందని మలుపు బిగించి, ముక్కు పైకి లేచేలా స్టిక్కు వెనక్కి లాగుతూనే ఉన్నాను. స్పీడు ముల్లు బాగానే ఉంది.

అప్పుడు చెవుల్లో బీప్‌లు మొదలయ్యాయి. ఎర్ర లైటు వెలిగింది. నేనేమీ ఆలోచించలేదు. నా చేతులే ముక్కు దించి రెక్కలు సమం చేశాయి. దిగకుండా మళ్ళీ పైకి లేపి, ఇంకో చుట్టు తిరిగి వచ్చి దిగాను. హారన్ అసలు మోగనే లేదు.

విమానం ఆపి రెక్క కింద చూశాను. రెండు రంధ్రాలూ పసుపుతో పూడిపోయి, ఎండి గట్టిపడి ఉన్నాయి. బాషాన్న సూదితో పొడిస్తే గానీ రాలలేదు. గాలి చొరబడే సందే లేదు. శైలజను అడిగాను.

"చూస్తి మేడం. పూజ చేసిన పసుపు తుడపగూడదని అట్లే ఇడిసిపెడ్తి," అంది తల వంచుకుని.

తిట్టబోయి ఆగిపోయాను. మా వైపు ఎవరు మాత్రం తుడుస్తారు? బీప్‌లు విన్నావా అంటే విన్నానంది. లైటు కూడా చూశానంది.

వేరే ఇంజనీరును పిలిపించి మీటరు విప్పించాం. ఏ లోపమూ లేదు. రంధ్రాలు మూసి ఎన్ని రకాలుగా ప్రయత్నించినా అది మోగలేదు. అదురుకు ఏదైనా వైరు కదిలిందేమో అన్నాడాయన. వైర్లన్నీ లాగి చూసి, అదీ కాదన్నాడు.

"మనోడేమ్మా. అక్కను ఇడిసిపెట్టి యాడికి పోతాడు," అన్నాడు బాషాన్న.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. విడిచిపెట్టే కదా పోయాడు!

కొన్నాళ్ళకు ఒంటరిగా ఎక్కాను. బయలుదేరే ముందు ఆ రంధ్రాలకు నేనే టేపు అంటించాను. ఎవరికీ చెప్పలేదు. ఏమైనా సరిచేసుకునేంత ఎత్తుకు వెళ్ళి స్టిక్కు వెనక్కి లాగాను. హారన్ మోగింది. చెవుల్లో ఏమీ రాలేదు. ఇంకా లాగాను. రెక్క జారి విమానం కిందికి పడింది. సరిచేసుకుని, మళ్ళీ పైకి పోయి, మళ్ళీ లాగాను. ఒరే సురేంద్రా, అని గట్టిగా పిలిచాను. హారన్ ఒక్కటే అరుస్తూ ఉంది.

దిగి వచ్చి టేపు పీకేశాను. ఆ ఉదయం మోగింది ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. వాడేననడానికి ఆధారం లేదు, వాడు కాదనడానికి నోరు రాదు. ఆ తర్వాత శైలజకు ఒక్కదానికే చెబితే, ఇంకోసారి పరీక్షించి చూడమంది. నేను ఆ పని మళ్ళీ చేయను. పైన అది మోగని ప్రతిసారీ నా తమ్ముడు నాకు మళ్ళీ కొత్తగా చచ్చిపోతున్నాడు.