మొఖం వచ్చేదాకా కూకో

మా మావయ్య పోయాడని మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. మొదటి మాట అది. రెండో మాట, "పెద్దకర్మకి పెద్ద ఫొటో కావాల. నువ్వే సెయ్యి. కాస్త తెల్లగా రానీ, మా ఆఫీసోలందరూ వస్తారు" అని. తండ్రి పోయి ఇంకా గంట కాలేదు. శవం పక్కన నిలబడి దాని రంగు గురించి మాట్లాడుతున్నాడు కొడుకు. సరేనన్నాను. విజయనగరంలో నా స్టూడియోకి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆ మాటే అంటారు. నేను తలూపి, అడిగినట్టే చేసి పంపిస్తాను.

మావయ్య అంటే మా అమ్మకి అన్న, నేను ఆయన మేనకోడల్ని. బొబ్బిలిలో నలభై ఏళ్ళకు పైగా ఫొటో స్టూడియో నడిపాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు ఒప్పుకునేవాడు కాదు. ఒక మనిషిని కూర్చోబెట్టి ఒక ముఖం తియ్యడమే ఆయన పని. నేను డిగ్రీ అయ్యాక మూడేళ్ళు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆ తర్వాత విజయనగరం వెళ్ళి సొంతంగా హెడ్‌షాట్ల స్టూడియో పెట్టుకున్నాను. హెడ్‌షాట్ అంటే తల నుంచి భుజాల దాకా తీసే ఫొటో. కంపెనీల వెబ్‌సైట్లలో, ఆసుపత్రుల హోర్డింగుల మీద, లేఅవుట్ల బ్రోచర్లలో మీరు చూసేవన్నీ అవే. ఎవరు నేర్పారో గానీ డాక్టర్లు, డైరెక్టర్లు అందరూ చేతులు కట్టుకునే నిలబడతారు. చిన్నప్పుడు బడిలో మాస్టారు చేతులు కట్టుకోమంటే ఏడ్చినవాళ్ళే వీళ్ళంతా. ఇప్పుడు డబ్బిచ్చి మరీ కట్టుకుంటున్నారు.

మావయ్యకి వీళ్ళంటే ఎంత చులకనో నాకు తెలుసు. నలభై ఏళ్ళు కెమెరాకి కుడికన్ను ఆనించి ఎడమకన్ను మూసి మూసి, ఆయన ఎడమకన్ను చిన్నదైపోయింది. దాని చుట్టూ ముడతలు కూడా ఎక్కువే. చేతిలో కెమెరా లేకపోయినా మనుషుల్ని అలాగే చూసేవాడు, ఎడమకన్ను సగం మూసి. సంతలో వంకాయల్ని కూడా అలాగే చూస్తాడని అత్త విసుక్కునేది. ఆ చూపులో మర్యాద పాలు తక్కువ. ఎదుటివాడు ఎంతటివాడైనా సరే, నువ్వు ఆడే అబద్ధం అయ్యాక చెప్పు, అప్పుడు మొదలుపెడదాం అన్నట్టు ఉండేది.

స్టూడియోలో గోడవారగా ఒక పనసకర్ర బల్ల ఉండేది. వచ్చినవాళ్ళని దానిమీద కూర్చోబెట్టి, వాళ్ళ సంగతే మరిచిపోయినట్టు లెన్సు తుడుచుకుంటూ ఉండేవాడు. పావుగంట, అరగంట. ఇంట్లో అద్దం ముందు సాధన చేసిన నవ్వొకటి పెట్టుకుని వచ్చిన మనిషి, మొదట దాన్ని పట్టుకుని కూర్చునేవాడు. కాసేపటికి బుగ్గలు నొప్పెట్టి నవ్వు జారిపోయేది. తర్వాత చిరాకు వచ్చేది. చిరాకు కూడా అలిసిపోయాక ఇంటి విషయమేదో గుర్తొచ్చి, కెమెరా ఉందన్న సంగతే పోయేది. మధ్యలో ఎవరైనా "ఇంకెంతసేపండీ" అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"నీ మొఖం ఇంకా రాలేదు. కూకో."

వీణలు చేసే ఒకాయన ఏదో సన్మానానికి ఫొటో కావాలని వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పట్టు కండువా, నుదుటి నిండా బొట్టు, బిగపట్టిన గడ్డం. కొత్త వీణ కూడా మోసుకొచ్చాడు. మావయ్య వీణని మూలన పెట్టించి ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆయన చెయ్యి దానంతటదే బల్ల అంచు తడమడం మొదలుపెట్టింది. బొటనవేలితో ఒకచోట గీరి, వంగి వాసన చూసి, "ఇది ముదురు పనసండీ, వీణకి పనికొచ్చేది, బల్ల సేసి పాడు సేసారు" అన్నాడు నిజంగా బాధపడుతూ. మావయ్య అప్పుడు నొక్కాడు. ఆ ఫొటోలో కండువా సగం జారిపోయి ఉంటుంది. సన్మానం చేసేవాళ్ళు అది పనికిరాదని ఇంకొకటి తీయించుకున్నారట. ఆయన మాత్రం ఈ ఫొటోనే ఇంట్లో పెట్టుకున్నాడు.

నేను విజయనగరంలో స్టూడియో పెట్టిన కొత్తలో, బొబ్బిలి వెళ్ళిన ఒక రోజు, మావయ్య దగ్గరికి ఒక రియల్ ఎస్టేటు కంపెనీ యజమాని వచ్చాడు. ముందు ఒక మనిషి, వెనక ఇద్దరు. ముందు మనిషి, "సార్‌కి టైం లేదు, తొందరగా కానివ్వండి" అన్నాడు. సారుకి రెండు చేతులకీ కలిపి ఏడు ఉంగరాలు, చెంపల నిండా మశూచి మచ్చలు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నట్టు తియ్యమన్నాడు. మావయ్య ఎడమకన్ను సగం మూసి చూసి, "ఫొటో ఉంగరాలకా బాబూ, నీకా?" అని అడిగాడు. సారు లేచిపోయాడు. ఆ తర్వాత రెండు వారాలకి అదే సారు నవ్వుతూ, చేతులు కట్టుకుని, శృంగవరపుకోట రోడ్డు పొడుగునా హోర్డింగుల మీద నిలబడ్డాడు. చెంపల మీద మశూచి మచ్చ ఒక్కటి లేదు. ఎవరో సొగసుగా తీశారు. ఆ ఎవరో నేనే. విజయనగరంలో నాకు దొరికిన మొదటి పెద్ద బేరం అది.

మావయ్యకి ఆ సంగతి తెలిసింది. ఆయన తిట్టలేదు. "మొఖాలకి ఇస్త్రీ సేసే కొట్టు పెట్టినావంతే గదే" అన్నాడు. నేను, "అడిగినవాళ్ళకి అడిగింది ఇస్తన్నాను మావా, తప్పేటి?" అన్నాను. "తప్పేటీ లేదు. ఇస్త్రీ కూడా పనే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన స్టూడియోకి జనం రావడం మెల్లగా తగ్గింది. అరగంట కూర్చోవడానికి ఎవరికి ఓపిక ఉంది? తమ ముఖం తాము చూసుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంది? చివరికి మూసేసి, ఆ పనసబల్లని ఇంటి వసారాలో వేయించుకుని, దాని మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఉచితంగా తక్కువ చేస్తూ కాలక్షేపం చేశాడు. తనని మాత్రం ఎవరినీ తియ్యనిచ్చేవాడు కాదు. ఎవరైనా ఫోను ఎత్తితే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. అందుకే మా కుటుంబంలో ఆయన అరచేతి ఫొటోలు ఓ ముప్పై ఉన్నాయి, ముఖం లేదు.

ఒక్కటి ఉంది. నేను తీసింది. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కిందటేడు ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పాతవాళ్ళందరికీ గుర్తింపు కార్డులు ఇస్తామన్నారు. మావయ్య బొబ్బిలి నుంచి బస్సెక్కి నా స్టూడియోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, నా దగ్గర ఎవరూ విడవరు. ఆ రోజు ఒక కంపెనీ వాళ్ళు స్టాఫు మొత్తాన్ని పంపారు, ముప్పైమంది, అందరికీ ఒకే రంగు టై. వాళ్ళలో ఒకరి ఫొటోకీ ఇంకొకరి ఫొటోకీ మధ్యలో మావయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం కిందికి మావా, నవ్వు" అని నొక్కేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన స్టూలు మీంచి లేవలేదు. "నా మొఖం ఇంకా రాలేదే" అన్నాడు.

ఆయన ఎవరికీ అలా చెప్పుకున్న మనిషి కాదు. అది వేళాకోళమనుకుని నేను నవ్వాను. "బయట ముప్పైమంది ఉన్నారు మావా" అన్నాను.

"సరే. ఆళ్ళవి సూడు" అని లేచాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను బస్సు దాకా కూడా వెళ్ళలేదు.

నలభై ఏళ్ళు ఊరందరి ముఖాల కోసం ఎదురుచూసిన మనిషి, జీవితంలో ఒక్కసారి తన ముఖం కోసం ఎదురుచూడమని అడగడానికి వచ్చాడు. పని నేర్పిన మేనకోడలి దగ్గరికి వచ్చాడు. ఆ మేనకోడలికి టైల వాళ్ళు ముఖ్యమయ్యారు. రియల్ ఎస్టేటు సారుని వెక్కిరించే హక్కు నాకేముంది? ఆయనకి టైం లేదని చెప్పడానికి ఒక మనిషైనా ఉన్నాడు, నేను నా నోటితోనే చెప్పాను.

దహనానికి వెళ్ళి వచ్చాక ఆ ఫొటో వెతికాను. నా దగ్గర పనంతా కట్టలు కట్టలుగా నడుస్తుంది. ఆ రోజు తీసినవన్నీ ఒకే ఫోల్డరులో పడి, ఒకే మీటతో శుభ్రమైపోతాయి. చర్మం నునుపవుతుంది, పళ్ళు తెల్లబడతాయి, కళ్ళు సమానమవుతాయి. అసలు ఫొటోలు నెల తిరిగేసరికి తుడిచేస్తాను. నా దగ్గర మిగిలింది ఆ మీట నొక్కాక వచ్చిన మావయ్య. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చూసినప్పుడు నాకు తేడా ఏమీ తెలియలేదు. బాగానే ఉందనుకున్నాను. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తొమ్మిదో రోజు బొబ్బిలి తీసుకెళ్ళాను.

బావ చూసి మురిసిపోయాడు. "సూడే అమ్మా, నాన్న ఎలగున్నాడో" అని అత్త ముందు పెట్టాడు. అత్త వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తొమ్మిది రోజుల్లో సగమైపోయింది. ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసింది.

"ఇదెవులే?" అని నన్ను అడిగింది.

"మావే కదత్తా."

"మీ మావకి రెండు కళ్ళూ ఒక్కలాగుంటాయా?" అంది. "ఈయనెవులో మంచాయన లాగున్నాడు. ఈయనతో నాకేటి పని?"

ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. ఇంటి నంబరు తప్పొచ్చిన మనిషిని పంపించేసినట్టు ఫ్రేముని పక్కకి జరిపింది. ఆయన ముఖంలో ఆయన పని మొత్తం ఆ చిన్న కన్నులోనే ఉంది, నలభై ఏళ్ళదీను. దాన్ని నేను లోపమని దిద్దేశాను. దిద్దానని కూడా నాకు తెలియలేదు. పెళ్ళాం గుర్తుపట్టలేని మొగుణ్ణి ఫ్రేము కట్టి ఇచ్చాను.

అత్త లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఆయన ఆధార్ కార్డు తెచ్చింది. "ఇది పెద్దది సేసి పెట్టు" అంది.

ఆ ఫొటో మా ఇళ్ళన్నిటిలో పాత వేళాకోళం, ఫొటోగా లెక్కలోకే రాలేదు. బొటనవేలంత ఉంటుంది. నీలంగా, మసగ్గా, తల కాస్త పక్కకి. దాన్ని చూసి నేనే వందసార్లు నవ్వాను. ఇదీ ఒక ఫొటోయేనా అని మా స్టూడియోలో అందరికీ చూపించాను కూడా. బావ తలపట్టుకున్నాడు. "అమ్మా, మా ఆఫీసోలు నవ్వుతారే. దొంగల ఫొటో లాగున్నాదది."

"నవ్వితే నవ్వనీ. ఆళ్ళ మొగుడా?" అంది అత్త. తర్వాత నాకేసి తిరిగింది. "ఆ రోజు పొద్దున్నెల్లి లైన్లో నిలబడ్డామే. మిషను పాడైనాదన్నారు. ఎండ మీదికొచ్చింది, తిండి లేదు, మంచినీళ్ళు లేవు. మూడు గంటలు. మొదట్లో ఆ సెంటరు కుర్రోడ్ని తిట్టినాడు, తర్వాత నన్ను తిట్టినాడు, ఆ తర్వాత నోరు మూసేసినాడు. ఆడు ఇటు సూడండి తాతా అన్నప్పుడు సూసిన సూపది. నన్ను పెళ్ళి సూపులకొచ్చినప్పుడూ అలగే సూసినాడు."

కార్డు చేతిలోకి తీసుకుని నేను మొదటిసారి సరిగ్గా చూశాను. ఎడమకన్ను సగం మూసి ఉంది. కుడికన్ను తిన్నగా ఉంది. పెదవుల మీద ఎవరినీ మెప్పించాలన్న ఆలోచనే లేదు. ముక్కూ మొహం తెలియని ఆ సెంటరు కుర్రాడు, ఫొటో అంటే ఏమిటో తెలియని మనిషి, యంత్రం పాడై మూడు గంటలు నిలబెట్టి, మా అందరికంటే మంచి ఫొటో తీశాడు. మావయ్య ముఖం వచ్చింది. వచ్చేదాకా ఆగింది వాడొక్కడే.

ఆ రాత్రే వెళ్ళిపోకుండా అక్కడే ఉండి మర్నాడు బొబ్బిలిలోనే పెద్దది చేయించాను. పెద్దది చేసేకొద్దీ అది గింజలు గింజలుగా విడిపోయింది. కాస్త నునుపు చేద్దామని వేళ్ళు రెండుసార్లు మీట దాకా వెళ్ళాయి. మూడోసారి చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాను. ఒక్క మచ్చ ముట్టుకోలేదు.

పెద్దకర్మ నాడు ఆ ఫొటోనే వసారాలో గోడకి ఆనించి, బంతిపూల దండ వేశారు. బావ ఆఫీసు వాళ్ళు వచ్చారు. అందరూ దాని ముందుకి వచ్చేముందు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ముఖాలు సర్దుకున్నారు. విచారం పెట్టుకుని వచ్చి, దండం పెట్టి, విచారం తీసేసి భోజనాలకి వెళ్ళారు. ఒకావిడ నా చెవిలో, "ఏటమ్మా, ఫొటోగ్రాఫర్ల ఇంట్లో ఇంతకంటే మంచిది దొరకలేదా?" అంది. దొరకలేదని చెప్పాను. వచ్చిన ప్రతివాడినీ మావయ్య ఫ్రేములోంచి ఎడమకన్ను సగం మూసి చూస్తూనే ఉన్నాడు. ఎవరి మీదా సదభిప్రాయం ఉన్నట్టు కనపడలేదు.

జనం పల్చబడ్డాక ఎదురుగా ఉన్న పనసబల్ల మీద కూర్చున్నాను. నా స్టూడియోలో ఆ మధ్యాహ్నం ఒక బ్యాంకు వాళ్ళు ఇరవైమంది వస్తామన్నారు. ఫోను రెండుసార్లు మోగింది. ఏడుద్దామనుకున్నాను. ఏడుపు రాకుండా ముందు ఏడుపు ముఖం వచ్చింది, అది నాకే తెలిసిపోయింది. కండువాలూ ఉంగరాలూ టైలూ కూర్చున్నట్టే నేనూ కూర్చున్నాను, ఆయన ముందు. మూడోసారి ఫోను మోగితే లేవబోయాను.

విస్తళ్ళు ఎత్తించి వస్తున్న అత్త నన్నూ ఫొటోనీ మార్చి మార్చి చూసింది.

"ఇంకాసేపు కూకో" అంది.

ఫోను కట్టేసి కూర్చున్నాను.