మనమా, మేమా?

నా చిన్నప్పుడు యూదులంటే ఎవరో నాకు క్షుణ్ణంగా తెలుసనుకునేదాన్ని. నేను పెరుగుతున్న ఇల్లు ఒక యూదురాలిదని మాత్రం తెలియదు.

మాది రాజోలు వైపు. నాన్న బహ్రెయిన్‌లో ఒక బట్టల కొట్టుకు వ్యాను నడిపేవాడు. ఆ కొట్టు యజమానురాలి ఇంట్లోనే అమ్మ వంటా, ఇంటిపనీ చూసేది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ ఇంటి వెనక గదిలో మా కాపురం. గల్ఫులో ఇంటి యజమానురాలిని ‘మామా’ అని పిలుస్తారు. ‘మా మామా కొత్త గాజులు వేసుకుంది’ అని నేనోసారి ఊరికి ఉత్తరం రాస్తే మా అమ్మమ్మ రెండు రోజులు కంగారు పడిందట.

మామా అరబ్బీ మాట్లాడేది, బయటికి వెళ్తే నల్లటి అబాయా వేసుకునేది. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. శనివారం మాత్రం పొయ్యి వెలిగించనిచ్చేది కాదు, ముందురోజు వండినదే తినేది. మా అమ్మ కూడా శనివారం ఒంటిపూటే తినేది కనుక, “మనలాగే ఈ తల్లీ శనివారాలు చేత్తందే!” అని మురిసిపోయి ఇక ఆరా తీయలేదు. ఏడుకొండలవాడి మహిమ సముద్రం దాటి వచ్చిందని అమ్మ గట్టి నమ్మకం. నేనూ అదే నమ్మాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఈసా టౌన్‌లోని మా బడిలో డిబేట్ పెట్టారు. విషయం ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవ. అందులో యూదులు ఏమంటున్నారో చెప్పే వంతు నాకు పడింది. పాత పేపర్లన్నీ తిరగేసి ఇంగ్లీషులో ప్రసంగం రాసుకున్నాను. ‘యూదులందరి మాటా ఒక్కటే’ అన్నది మొదటి వాక్యం. అది నాకెంత నచ్చిందంటే, ఆ సాయంత్రం వంటింటి మధ్యలో నిలబడి చేతులు ఊపుతూ గొంతెత్తి చదివాను. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ పిండి కలుపుతూ “బా చదివేవే” అంది. గుమ్మంలో టీ కప్పుతో మామా నిలబడి ఉంది. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు.

“ఆ ఒక్క మాటేమిటో నాకూ చెప్పమ్మా. నేనూ యూదురాలినే, నాకెవరూ చెప్పలేదు” అంది. కోపంగా అనలేదు. కానీ టీ తాగకుండా కప్పు అక్కడే పెట్టేసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాకు అరబ్బీ అక్షరాలు దిద్దించింది ఆవిడ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఆవిడ. విషయమూ, యూదులకు శనివారం పొయ్యి ముట్టని విశ్రాంతి రోజన్న సంగతీ తెలిశాక అమ్మ నెత్తి కొట్టుకుంది. మామా మనసు విరిగితే నాకు ఆ ఇంట్లో ఇక చోటు లేదనిపించింది. మా గది పోతుందని కాదు, ఆవిడ నన్ను ఇంటిపిల్లగా చూడడం మానేస్తుందని. ఆ భయంతో రెండు రోజులు ఆవిడకు ఎదురుపడలేదు.

మూడో రోజు తనే పిలిచింది. లండన్‌లో ఉండే తమ్ముడు వచ్చాడనీ, శుక్రవారం భోజనానికి తన కూతురు కూడా ఉంటుందనీ చెప్పింది. కాగితం, కలం పట్టుకుని బల్ల దగ్గర కూర్చోమంది, యూదులు ఏమంటారో విని రాసుకోమంది.

చేపల పులావు వడ్డించగానే ఆ గొడవ సంగతి మామాయే కదిపింది. తమ్ముడు అందుకున్నాడు. దేశాలు తరిమేసిన జనానికి తలదాచుకోను ఒక ఇల్లు ఉండాలని, దాన్ని కాపాడుకోక తప్పదని అన్నాడు. పాలస్తీనా వాళ్ళ ఇళ్ళూ ఇళ్ళేనని, యూదుల పేరు చెప్పి వాళ్ళకు జరుగుతున్నది అన్యాయమని కూతురు గొంతు పెంచింది. మామా ఇద్దర్నీ కసిరింది. తన వాళ్ళ సమాధులు ఈ నేలలోనే ఉన్నాయి, అక్కడెక్కడో బాంబు పడితే ఇక్కడ బజారులో అందరూ తన మొహం చూస్తారేం, అని ఆవిడ బాధ.

నేను గబగబా తెలుగులో రాసుకుంటున్నాను. ముగ్గురూ మాటకు ముందోసారి వెనకోసారి ‘ఇహ్నా’ అంటున్నారు. అరబ్బీలో ఆ ఒక్క మాటే మనమూ అవుతుంది, మేమూ అవుతుంది. నా కలం ఆగిపోయింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను. మా భాషలో దీనికి రెండు మాటలున్నాయి, ఎదురుగా ఉన్నవాళ్ళని కలుపుకుంటే ఒకటి, కలుపుకోకపోతే ఇంకొకటి, ఏది రాయమంటారు, అని.

తమ్ముడు వెంటనే “అందరినీ కలిపి రాయి” అన్నాడు.

“నన్ను అడక్కుండా కలపకు” అంది మామా.

తన మాటలో మామయ్యని కలపొద్దని, ఆయన ఒప్పుకోడని కూతురు చెప్పింది.

ఆయన చెంచా కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళుగా ఇహ్నా, ఇహ్నా అంటున్నానే గాని అందులో ఎవరెవరున్నారో ఎన్నడూ చూసుకోలేదన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, “మరి నువ్వు ఇహ్నా అన్నప్పుడు నేనుంటానా?” అని అడిగాడు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు.

మామా చేపముక్కలో ముల్లు తీసి ఆయన పళ్ళెంలో వేసింది. “నువ్వెప్పుడూ ఉంటావు. నీ మాటే ఉండదు” అంది.

వాళ్ళు రాజీ పడలేదు. పళ్ళు తింటూ మళ్ళీ మొదలుపెట్టారు. నా కాగితం మీద మనం కొట్టేసి మేము, మేము కొట్టేసి మనం. సిగ్గుపడుతూ మామాకు చూపించాను. ఆవిడకు తెలుగు రాదు, ఆ కొట్టివేతల మీద వేలు పెట్టి చూసి, “ఇప్పుడు సరిగ్గా ఉంది” అని నన్ను దగ్గరికి లాక్కుంది. నేను భోరున ఏడ్చాను.

డిబేట్‌లో నాకు బహుమతి రాలేదు. ఒకే బల్ల దగ్గర ముగ్గురు మూడు రకాలుగా అన్నారని చెప్పి దిగిపోయాను. ఇంతకీ నువ్వు ఏ పక్షమమ్మా అని జడ్జిగారు విసుక్కున్నారు.

ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, రిఫాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ యుద్ధం వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చచ్చిపోయిన పిల్లల్ని చూసి ఏడుస్తాను. ఎవరిది తప్పో నాకు తోచింది నేనూ చెబుతాను. అయితే ‘వాళ్ళు’ అన్న మాట రాగానే నాలుక ఆగుతుంది, ఎవరెవరిని కలిపేస్తున్నానో చూసుకోమంటుంది. “వాళ్ళంటే వాళ్ళే, అమ్మమ్మా” అని మా మనవడు చిరాకు పడతాడు. పడనీ. ఆగినందుకు నాకింతవరకు ఏ నష్టమూ రాలేదు. ఆగకుండా చదివేసిన ఆ ఒక్క వాక్యమే ఇంకా గుచ్చుకుంటోంది.