రొట్టె ముట్టని మా అత్తమ్మ

స్త్రీల సమాజం అక్కలకు, పెద్దమ్మలకు వందనాలు.

ముందే చెబుతున్నాను, నా రాత బాగుండదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ అనుమానమే. పొద్దున్నుంచీ మిరపకాయలకు తొడిమలు తీసి వచ్చాను, వేళ్ళు మండుతున్నాయి, అందుకని అక్షరాలు ఇంకా వంకర పోతున్నాయి. తప్పులుంటే మన్నించి, కూడబలుక్కుని చదువుకోండి. నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు చేతకాదని మీకు తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా అత్తమ్మ చనిపోయింది. ప్రభువునందు నిద్రించిందని చర్చి మైకులో చెప్పారు, మీరంతా విన్నారు, వచ్చారు. సమాధి దగ్గర సంఘపెద్ద ఒకాయన మాట్లాడుతూ, కోడల్ని కన్నకూతురిలా చూసుకున్న తల్లి అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం అనలేదు. ఆ మాట వింటే ఆమె పెట్టెలోంచి లేచి కూర్చునే మనిషి. పైన మట్టి పడేదాకా నేను పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆమె నన్ను కూతురిలా చూడలేదు. ఆ సంగతి ఆమే ఎప్పుడూ దాచలేదు. అబద్ధం కప్పి ఆమెను పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను ఆ ఇంటికి రాకముందే ఆ ఇంటికి కోడలు ఖాయమైపోయింది. అత్తమ్మ తమ్ముడు చనిపోతూ, నా కూతుర్ని నీ కొడుక్కి చేసుకుంటావా అక్కా అని అడిగితే, చేసుకుంటానని చేతిలో చెయ్యి వేసింది. ఆ పిల్లను చిన్నప్పటి నుంచీ తన దగ్గరే పెట్టుకుని తలదువ్వి పెంచింది. మా ఆయన మిరపకోతల్లో నన్ను చూశాడు. ఎవరు చెప్పినా వినకుండా నన్నే చేసుకున్నాడు. ఆ పిల్లను ఒంగోలు అవతల ఎవరికో ఇచ్చారు. అత్తమ్మ మాట పోయింది. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండమని వాక్యం చెబుతుంది కదా, ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని బతికిన మనిషి ఆమె. ఆమె చేత మాట తప్పించింది నా రాక.

ఆమె సంగతి మీకు తెలుసు. కూలికి వెళ్ళినప్పుడు చేలోంచి బయటికి రాగానే గట్టు మీద నిలబడి ఒడి విప్పి దులిపేది. ఒక్క కాయ కూడా ఇంటికి రాకూడదు. మిగతావాళ్ళకి ఒళ్ళు మండేది.

"దులిపావులే మహాతల్లీ. ఇక మా కొంగులు కూడా వెతికిస్తావా ఏంటి?"

"నా ఒడి నేను దులుపుకున్నానే. నీ ఒడి బరువుగా ఉంటే నేనేం చేసేది?"

ఒకసారి మా కాయలు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాల్సిన ముందు రోజు, మా ఆయన మందు కొట్టే డబ్బాలో నీళ్ళు పోసుకుని కల్లంలోకి వచ్చాడు. తడిపితే కాయ బరువు తూగుతుంది. చుట్టూ కల్లాలన్నిటిలోనూ అదే పని జరుగుతోంది. అత్తమ్మ వెళ్ళి కాయల రాశి మీద కూర్చుంది.

"ముందు నన్ను తడుపు."

"లేమ్మా, కాయ నలుగుద్ది. అందరూ చల్లుతున్నారు."

"అందరూ నరకానికి బయల్దేరితే నువ్వూ సంచి సర్దుకుంటావట్రా?"

"కొంచెమే చల్లుతానమ్మా."

"కొంచెమే దొంగతనం చేస్తాడంట, చూడండర్రా!" అని పక్క కల్లాల వాళ్ళకి వినపడేలా అరిచింది. మా ఆయన డబ్బా దింపాడు. పక్క కల్లాల వాళ్ళు ఆ కాపంతా మాతో మాట్లాడలేదు.

కొడుకునే వదలని మనిషి తనను తాను వదులుతుందా? నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె ఇచ్చే ముందు పాస్టరు అయ్యగారు ఒక హెచ్చరిక చదువుతారు. ఎవరి మీదైనా పగ ఉంటే, సమాధానపడి వచ్చాకే ముట్టుకోమని. మనమంతా కళ్ళు మూసుకుని వింటాం, కళ్ళు తెరిచి తింటాం. ఆమె మాత్రం పళ్ళెం మా వరసలోకి రాగానే లేచేది. నా మోకాళ్ళకి తన చీర రాసుకుంటూ నన్ను దాటి, నడవ మధ్యలోంచి బయటికి వెళ్ళేది. నేను ఆ ఇంట అడుగు పెట్టిన నెల నుంచీ అంతే. ఆమె ఎవరి మూలంగా లేచిందో ఊరందరికీ తెలుసు. మీరు వెనక్కి తిరిగి ఆమెను చూసేవారు, తర్వాత నన్ను చూసేవారు. నేను పళ్ళెంలోంచి ముక్క తీసుకునేదాన్ని. నోట్లో అది తడి కూడా అయ్యేది కాదు.

అయ్యగారు ఒకసారి ఇంటికొచ్చి బతిమాలారు.

"అమ్మా, ఇంకెన్నాళ్ళు? ప్రభువు బల్లను వద్దనకూడదు."

"వద్దనలేదయ్యగారూ. ఆకలిగానే ఉంది. కానీ దీన్ని చూస్తే నాకు కడుపు మండుద్ది. ఆ మంట పెట్టుకుని తినమని ఎక్కడ రాసుందో చూపించండి, తింటా."

నేను వాళ్ళకి టీ ఇస్తూ అక్కడే ఉన్నాను. నేను ఉన్నానని ఆమె గొంతు తగ్గించలేదు.

ఆ మేనకోడలు ఒకసారి చూసి పోవడానికి వచ్చింది. కుడి చేతికి కట్టు ఉంది. బస్సులో పడ్డానత్తా అంది. అత్తమ్మ ఆ మాట నమ్మలేదు. నన్ను పిలిచి అన్నం పెట్టమంది. ఆ పిల్ల ఎడమ చేత్తో మెతుకులు ఏరుకుంటూ తింటుంటే, నేను ఎదురుగా కూర్చుని చూడాల్సిందే అంది.

"బాగా చూడవే. నీ కాపురం ఖర్చు అది కడుతోంది."

ఆ పిల్లే, "ఊరుకో అత్తా, ఆమేం చేసింది?" అంది. అత్తమ్మ ఊరుకోలేదు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. ఆమెకు చదువు రాదు. దీపాల వేళకి నన్ను కూర్చోబెట్టి బైబిల్ చదివించుకునేది. "నీ గొంతు వినాలని కాదులే, వాక్యం వినాలని" అనేది. నేను తడబడితే ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదవమనేది. బడిలో మర్చిపోయిన చదువు నాకు అలాగే తిరిగొచ్చింది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె పుణ్యమే. ఒక రోజు క్షమించడం గురించిన మాటలు వచ్చాయి. నేను కొంచెం గొంతు పెంచి చదివాను. ఆమె కళ్ళు మూసుకునే అంది:

"గట్టిగా చదివితే దిగుద్దనుకున్నావా? ఆ మాట నాకు తెలుసు. తెలియక కాదు నేనిట్టా ఉంది."

పోయిన వానాకాలం నాకు విషజ్వరం వచ్చింది. మా అమ్మ కూడా రాలేకపోయింది. అత్తమ్మే నన్ను లేపింది, పడుకోబెట్టింది, నా బట్టలు ఉతికింది, గంజి చల్లార్చి చెంచాతో పోసింది. నాకు జుట్టు ఊడిపోతుంటే తల ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీసింది. ఇరుగుపొరుగు వాళ్ళు, ఇక మనసు కరిగిందే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. లేచి తిరగగలిగాక, మొదటి ఆదివారం ఆమె పక్కనే కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. ఆమె లేచింది.

ఇంటికొచ్చాక నేను మొదటిసారి నోరు తెరిచి అడిగాను. "అంత చేశావు కదత్తమ్మా. మరెందుకు?"

"చెయ్యాల్సింది చేశా. కుక్కకి ఒళ్ళు బాగోకపోయినా చేస్తా. మనసులో లేనిది మాత్రం ఉందని చెప్పలేను."

ఆ జ్వరం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ నీరసపెట్టింది.

కడుపులో గడ్డ అని గుంటూరు డాక్టర్లు ఇంటికి పంపేశాక, అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం చిన్న డబ్బాలో పెట్టుకుని వచ్చారు. మీరు వాకిట్లో పాట పాడుతున్నారు. గదిలో మంచం మీద ఆమె, పక్కన అయ్యగారు, మా ఆయన, నేను. ఆమె ఆ డబ్బా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరవను. పసిబిడ్డ పాల వైపు చూసినట్టు చూసింది.

"కోడల్ని క్షమించానని ఒక్క మాట అనమ్మా" అన్నారు అయ్యగారు.

ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. వెతికినట్టు చూసింది.

"రోజూ అడిగానే ప్రభువుని," అంది. "నీ మీద ఇష్టం పుట్టించమని. రోజూ. ఇవ్వలేదు."

అయ్యగారు, "ఇదే చాలమ్మా, ఇదే క్షమాపణ" అంటూ ముక్క ఆమె పెదవుల దాకా తెచ్చారు. ఆమె నోరు గట్టిగా మూసుకుంది. తల గోడ వైపు తిప్పింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నోరు మాత్రం తెరవలేదు. అయ్యగారు డబ్బా మూత పెట్టారు. ఈ సంగతి గదిలోనే ఉండనివ్వండి, సంఘానికి మంచిది కాదన్నారు. నా మీద జాలితోనే అన్నారు. ఆయన బయటికి రాగానే ఆమె రొట్టె తీసుకుందని మీరంతా అనుకున్నారు. చివరికి నిన్ను క్షమించింది, అదృష్టవంతురాలివి అని నా చేతులు పట్టుకున్నారు.

ఆమె తీసుకోలేదు అక్కలారా. నన్ను క్షమించకుండానే తెల్లవారి వెళ్ళిపోయింది. నా ముఖం మీద నవ్వి వెనక మాట్లాడినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. ఆమె ఎప్పుడూ అలా చేయలేదు. ఆ ఇంట్లో నాకు ప్రేమ దొరకలేదు గానీ, మోసం కూడా దొరకలేదు. దానికి నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

మొన్న మొదటి ఆదివారం అయ్యగారు హెచ్చరిక చదివారు. ఇన్నాళ్ళూ ఆ మాటలు ఆమెకేనని విన్నాను. ఆ రోజు ఆమె లేదు. పళ్ళెం నా చేతికి వచ్చింది. గోడ వైపు తిరిగిన ఆ తల, మూసుకున్న ఆ నోరు కళ్ళ ముందు నిలిచాయి. నేను ఆమెను క్షమించానా అని నన్ను నేనే అడిగాను. లేదు. పళ్ళెం పక్కావిడకి ఇచ్చి లేచాను. పాపం, దుఃఖం ఆపుకోలేక లేచిందని మీరు అన్నారట. అది కాదు సంగతి.

బయట గంట స్తంభం పక్కన, రొట్టె వేళ లేచి వచ్చి ఆమె కూర్చునే అరుగు ఉంది కదా. ఆమె తల ఆనించిన చోట గోడకి నూనె మరక ఉంది. ఏటా క్రిస్మస్‌కి సున్నం వేస్తారు, కొన్నాళ్ళకి అది మళ్ళీ పైకి తేలుతుంది. నేను అక్కడే కూర్చుని తల ఆనించాను. మరక నా తలకి జానెడు పైన ఉంది. ఆమె పొడుగు మనిషి. లోపల మీరు పాడుతున్న పాట వినపడుతూనే ఉంది.

చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టేయండి. అయ్యగారి కంట పడితే నొచ్చుకుంటారు. మిరప తొడిమలు రాజేసిన పొయ్యిలో మాత్రం వద్దు, ఆ ఘాటుకి వీధంతా దగ్గుతూ వచ్చి ఏం కాల్చారని అడుగుతుంది. క్రిస్మస్‌కి ఆ గోడకి మళ్ళీ సున్నం వేస్తారు. ఈసారి మరకలు రెండు తేలితే, కిందది నాదని మీకు తెలుస్తుంది.