సుత్తికి దొరికిన సిలిండరు

నతానియేలు గారికి మనుషుల ముఖాలు గుర్తుండవు. సిలిండర్లను మాత్రం గొంతు విని పోల్చేస్తాడు. గుడివాడలో పాత గ్యాసు సిలిండర్లను పరీక్షించి, ఇంకో ఐదేళ్లు వాడుకోవచ్చని ముద్ర కొట్టేది ఆయనే. నీళ్ల పంపు కొట్టేది నేను. ముందు ఆయన చిన్న సుత్తితో తడతాడు. ఖంగుమంటే మంచిది. బద్దుమంటే అనుమానం. ఆ తర్వాత నీళ్లు నింపి, ప్రెషర్ ఎక్కించి తేలుస్తాం.

తొంభై తొమ్మిది మార్చిలో, మొవ్వలో గోలీసోడా కొట్టు నడిపే కోటిలింగం గారి గ్యాసు సిలిండరు బద్దుమంది. నీళ్ల పరీక్షలోనూ తప్పింది. ఇంకెవరూ వాడకుండా కోసెయ్యాలన్నాడు నతానియేలు గారు. కోటిలింగం గారికి ఉన్నది అదొక్కటే. అది పోతే ఎండాకాలం బేరం పోయినట్టే. "ఒక్క వారం ఆగండి, నేనే తెచ్చిస్తాను" అని బతిమాలి దాన్ని పట్టుకుపోయాడు. పోనివ్వటం మా బుద్ధితక్కువే.

వారానికి సిలిండరు కొత్త పెళ్లికొడుకులా వచ్చింది. నిగనిగలాడే రంగు, పాత నంబరు అరగదీసి దాని మీద కొత్తది.

"ఇది పెదపారుపూడి మా బావమరిదిదండీ" అన్నాడు కోటిలింగం గారు, పాలు తాగే పిల్లాడి ముఖం పెట్టి.

నతానియేలు గారు తట్టాడు. వంగి సిలిండరుతోనే మాట్లాడాడు. "బాగున్నారా? పోయిన వారమేగా కలిశాం. రంగు బాగా నప్పిందండీ."

"మీ సుత్తికే చెవుడు!" అని ఎగిరాడు కోటిలింగం గారు.

"అయితే సరే. ప్రెషర్ ఎక్కిస్తాం, మీరు దీన్ని వాటేసుకుని నిలబడండి. నిలబడితే ముద్ర కొట్టేస్తాను."

నేను పంపు రెండుసార్లు కొట్టానో లేదో, కోటిలింగం గారు గేటు దగ్గరున్నాడు. నేను పగలబడి నవ్వాను. నతానియేలు గారు నవ్వలేదు.

"కొట్లో దీంతో సోడా పట్టేదెవరండీ?"

"మా ఆవిడ, పెద్దింట్లమ్మ."

"మరి ఆవిడకి గేటు దాకా పరిగెత్తే టైముంటుందా?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. కోటిలింగం గారు లోపలికొచ్చి, కోసేటప్పుడు సిలిండరు కదలకుండా తనే పట్టుకున్నాడు.

మేలో ఇద్దరం మొవ్వ వెళ్లి ఆయన కొట్లో సోడా తాగాం. అద్దెకు తెచ్చిన సిలిండరు గోడ వారగా ఉంది. దాని రంగంతా మచ్చలు మచ్చలుగా ఊడిపోయింది.

"ఇదేంటమ్మా ఇలా అయిపోయింది?" అని అడిగాను.

"ఈయనేనండీ" అంది పెద్దింట్లమ్మ గారు విసుగ్గా. "రోజూ పొద్దున్నే సుత్తితో కొట్టి వింటారు. ఖంగుమంటేగానీ నన్ను దాని దగ్గరికి రానివ్వరు."