పాము, బాపు

నా పేరు చెప్పను. చెబితే మీరు నవ్వుతారు. నన్నెరిగిన వాళ్లంతా నేను నోరు తెరవకముందే నవ్వడం అలవాటు చేసుకున్నారు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క మాట. బరువు అంటే నాటకంలో మాటలా ఉంటుంది గానీ, ఇది పంటి సందున ఇరుక్కున్న జొన్నపొట్టు లాంటిది. అన్నం తినడం ఆగదు. నాలుక మాత్రం అక్కడికే పోతుంది.

కోస్తావాళ్లతో కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. బడులకు పంతుళ్లు దొరకడం లేదు. నాలాంటి వాణ్ణి కూడా ట్రైనింగ్‌లో చేర్చుకున్నారంటే ఎంత కరువో మీరే ఊహించుకోండి. నాతోపాటు చేరినవాడు రాజేశం, నేతపని ఇంటివాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకునేవాడు.

చదువు ముగిసేముందు మమ్మల్ని మెట్‌పల్లిలో ఒక బడికి పంపారు, నిజమైన పిల్లలకు పాఠాలు చెప్పడానికి. ఆఖరున ఒక అధికారి వచ్చి చూస్తాడు. ఆయన సరేనంటే రాజేశానికి బడి, కాదంటే మళ్లీ మగ్గం. మా పెద్దసారు నన్ను పిలిచాడు.

“నువ్వు ఎనక బల్ల మీద కూసో. వానికి అందని మాట సైగ జేసి అందియ్యి. నీ మజాకులు జర బంద్ వెట్టు.”

తన చిక్కేమిటో రాజేశమే చెప్పాడు. “పాము, బాపు. గీ రెండు నాకు ఒక్కతీరే కనబడ్తయి. పెదవులు రెండుసార్లు మూసుకుంటయి, గంతే.”

అద్దం ముందు పలికి చూసుకోండి. నిజమే. సైగలు నేనే కనిపెట్టాను. బాపు అంటే నాన్న కాబట్టి మీసం మెలేయడం, పాముకు చెయ్యెత్తి పడగ పట్టడం. సాధన చేస్తూ ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఈ రెండు మాటల చిక్కు ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదన్నాడు రాజేశం.

పరీక్ష రోజు అధికారి వచ్చాడు. కోస్తా మనిషి. రాజేశం పాఠం చక్కగా మొదలుపెట్టాడు.

“ఇయ్యాల బడికొస్తుంటే తొవ్వల ఏం కనబడ్డయి, ఎవలు కనబడ్డరు?”

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. “పాము, సార్!”

రాజేశం కళ్లు నా వైపు తిరిగాయి. నేను మీసం మెలేశాను.

ఎందుకు? పగ లేదు. అసూయా? ఉండవచ్చు. నా పాఠానికి పిల్లలు నవ్వారు, అతని పాఠంతో నేర్చుకున్నారు. కానీ అసలు కారణం అంతకంటే చిన్నది. గది మరీ నిశ్శబ్దంగా ఉంది. అంత నిశ్శబ్దాన్ని నేను ఊరికే వదిలిపెట్టలేను.

“మీ బాపా? మంచిగయింది. రేపు బడికి తోలుకరా, నీ సదువు గురించి మాట్లాడుత” అన్నాడు రాజేశం.

“వామ్మో, కరుస్తది సార్!”

తరగతంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది నేనే. రాజేశానికి నవ్వు వినబడదు. కనబడుతుంది. తెరుచుకున్న నోళ్లన్నీ ఒక్కొక్కటే చూసి, చివరికి నా నోటి దగ్గర ఆగాడు.

వరండాలో మా ఇద్దరి ముందే అధికారి పెద్దసారుతో అన్నాడు: “సైగ చేసినవాడిదే పొరపాటైతే చెప్పండి, ఇంకో పాఠం చూస్తాను. లేదంటే ఈయనకి పిల్లల్ని అప్పగించలేమండీ.”

రాజేశం ఆ మాటలు చూడలేదు. నా పెదవులనే చూస్తున్నాడు.

“ఏమిరా, ఏం సైగ జేసినవ్?” అన్నాడు పెద్దసారు.

“పాము సైగనే జేసిన, సార్.”

అంతే అన్నాను. అధికారి గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

రాజేశం నా చెయ్యి పట్టుకున్నాడు. “నిజం చెప్పినవ్. నువ్వు కావాలని జెయ్యలేదని నాకెర్కే. నువ్వు ఒప్పుకున్నా గా వచ్చిన సారే ఇనలే.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేనన్నది పాము. అతనికి కనబడింది బాపు. నా అబద్ధం అతని కళ్లకు నిజమైపోయింది.

అతను మగ్గానికి పోయాడు. నేను హుస్నాబాద్‌లో పంతులునయ్యాను. మొన్న కరీంనగర్ బస్టాండ్‌లో రాజేశం కనబడి, భార్యకు నన్ను చూపించాడు.

“గీయనే. పెద్దసార్ ముంగట తప్పొప్పుకున్న దోస్తు.”

ఆమె నాకు దండం పెట్టింది.

ఆ మాట నోటితో చెబితే లాభం లేదు. పాము అన్నానంటే మళ్లీ బాపు అన్నట్టే కనబడుతుంది. నేను వేసిన జోకుల్లోకెల్లా మంచిది ఇదే, నవ్వేవాళ్లు లేరు. అయినా చెయ్యెత్తి పడగ పడితే చాలు, అతనికి అర్థమయ్యేది. చెయ్యి లేవలేదు. చాయ్ తాగుదామా అని మాత్రం అడిగాను.

కాగితం మీద ఆ రెండు మాటలూ ఒక్కతీరుగా ఉండవు. అందుకే మీకు రాస్తున్నాను, రాస్తే నాలుక కాసేపైనా అటు పోదని. క్షమించమని కాదు. క్షమ నాకు ఎప్పుడో దొరికింది, చెప్పని మాటకు.

నేనన్నది పాము.